ఖుబూల్ అనే ముందు



మన సొసైటీ ఆదివారం పాఠానికి వచ్చే పిల్లల్లో చాలామంది హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళే. పొద్దున నిజాంపేట రోడ్డులో ఎవరితో కలిసి క్యాబ్ ఎక్కాలి, మధ్యాహ్నం ఎవరి డబ్బాలో కూర పంచుకోవాలి అనే విషయాల్లో వాళ్ళకు కులమతాలు గుర్తుకు రావు. రానక్కర్లేదు కూడా. ఈ ఏడాది నికాహ్ గురించి పాఠం చెబుతున్నప్పుడు వెనక వరుసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "చాచా, సినిమాల్లో, సిరీస్‌ల్లో వేరే మతంవాళ్ళు ప్రేమించుకుంటారు. పెద్దవాళ్ళు మతం, మతం అని అడ్డుపడతారు. కడకు పెద్దవాళ్ళు మారతారు. అలా కాకుండా ఆ అమ్మాయికో అబ్బాయికో స్వయంగా దీన్ మీద ప్రేమ ఉండి, తనకు తానే ఆగిపోయే కథ ఒక్కటైనా ఉందా?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కొన్ని వారాలు, ఈ వయసులో, మా ఆవిడ నవ్వుతున్నా పట్టించుకోకుండా ఆ సినిమాలూ సిరీస్‌లూ చూస్తూ కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ పిల్లకు రాస్తున్న జవాబు. దాతలుగా ఈ సంచిక చదివే పెద్దలకూ ఇందులో పని ఉంది. ఆ ప్రశ్నలో మన పేరు కూడా ఉందని చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది.

మన తరానికి గుర్తున్న చిత్రం భారతీరాజా తీసిన 'సీతాకోక చిలక'. 1981లో వచ్చింది. అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి క్రైస్తవురాలు. చివర్లో అతను జంధ్యం తీసేస్తాడు, ఆమె శిలువ తీసేస్తుంది. మేము కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఆ ఘట్టానికి చప్పట్లు కొట్టాం. ఇప్పుడు చూస్తే వేరే సంగతి కనబడుతుంది. ఆ జంధ్యం, ఆ శిలువ వాళ్ళవని కథ ఒక్కసారి కూడా అనుకోలేదు. పెద్దలు మెడలో వేశారు, పిల్లలు తీసేశారు. అక్కడ మతం అంటే మెడలోని వస్తువే.

1995లో మణిరత్నం 'బొంబాయి' తెలుగులోనూ వచ్చింది. శేఖర్, షైలా బాను పారిపోయి రిజిస్టరు పెళ్ళి చేసుకుంటారు. కవల పిల్లలకు కబీర్ నారాయణ్, కమాల్ బషీర్ అని ఇద్దరు తాతల పేర్లూ కలిపి పెడతారు. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్ల మధ్య నడిచిన ఆ చిత్రంలో నవ్వుకునే చోటు ఏదైనా ఉంటే, అది మనవల మీద ఇద్దరు తాతలు పోట్లాడుకునే చోటే. అది మంచి చిత్రం, ధైర్యమున్న చిత్రం. అయినా షైలా బాను పెళ్ళయ్యాక తన నమాజు గురించి ఏం అనుకుంది, తన అల్లాహ్‌తో ఏం మాట్లాడుకుంది అన్నది మనకు పెద్దగా తెలియదు. బురఖా ఎలా ఎగిరిందో మాత్రం అందరికీ గుర్తుంది.

ఇక ఇప్పటివి. పిల్లలు ఎక్కువగా చెప్పిన పేరు 'అంటే సుందరానికీ'. వివేక్ ఆత్రేయ దర్శకత్వం, నాని, నజ్రియా నటించారు. 2022 జూన్ 10న విడుదలై, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో ఇంటింటికీ వచ్చింది. సుందర్‌ది సనాతన బ్రాహ్మణ కుటుంబం, లీలా థామస్‌ది గట్టి క్రైస్తవ కుటుంబం. ఎలాగూ ఒప్పుకోరని ఇద్దరూ చెరో అబద్ధం ఆడతారు. తనకు పిల్లలు పుట్టరని అతను, తాను గర్భవతినని ఆమె. అబద్ధం మీద అబద్ధం పేరుకుని నవ్వు పుడుతుంది. నేనూ నవ్వాను. పెద్దవాళ్ళను రాక్షసుల్లా చూపించలేదు, అది మెచ్చుకోవాలి. అయితే ఇక్కడ కూడా భక్తి అంతా తల్లిదండ్రులది, ప్రేమ అంతా పిల్లలది. లీల చర్చిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఏం అడుగుతుంది? సుందర్‌కు సంధ్యావందనం అలవాటా, నమ్మకమా? కథకు ఆ అవసరం రాలేదు.

అదే ఏడాది ఆగస్టులో 'సీతారామం' వచ్చింది. అందులో సీతామహాలక్ష్మి నిజానికి హైదరాబాదు నవాబు కుటుంబంలోని నూర్జహాన్. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న 'ఖుషి'. కశ్మీరులో హీరోకు కనబడిన అమ్మాయి తాను పాకిస్తాన్ నుంచి వచ్చిన ఆరా బేగం అని చెబుతుంది. నిజానికి ఆమె బ్రాహ్మణ ఇంటి ఆరాధ్య. చిత్రం చూడండి: ఒక చోట ముస్లిం అమ్మాయి సీత పేరుతో ఉంటుంది, ఇంకో చోట హిందూ అమ్మాయి ముస్లిం పేరు తగిలించుకుంటుంది. పదమూడు నెలల తేడాలో రెండు పెద్ద తెలుగు చిత్రాలు ఇలా నడిచాయి. రెండింట్లోనూ దీన్ ఒక పేరు, ఒక వేషం, కథలో ఒక మలుపు. దుష్టబుద్ధితో అలా చేశారని నేను అనను. రాసినవాళ్ళకు ముస్లిం అమ్మాయి అంటే సలాము, పరదా, ఉర్దూ మాట వరకే తెలుసు. ఆ అమ్మాయి ఫజ్ర్‌కు అలారం పెట్టుకుంటుందని తెలియదు. తెలియజేసే పని మనమూ చేయలేదు.

ఇంతవరకు తప్పు తెరది అనుకున్నాను. 'అంటే సుందరానికీ' విడుదల తేదీ దగ్గర ఆగాల్సి వచ్చింది. దానికి 37 రోజుల ముందు, 2022 మే 4 రాత్రి, సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ని చంపేశారు. అతను పెళ్ళాడింది మన అమ్మాయిని. చంపింది ఆ అమ్మాయి అన్న, అతని తోడు బంధువు. భర్తను కాపాడమని ఆమె బతిమాలుతుండగా చుట్టూ జనం నిలబడి చూశారు. మియాపూర్‌లో మనం ఎక్కే మెట్రో రైలు వెళ్ళేది ఆ వైపుకే. పెళ్ళి కోసం ఇస్లాం స్వీకరిస్తానని కూడా ఆ అబ్బాయి చెప్పాడని అప్పటి వార్తల్లో వచ్చింది.

ఆ సంగతి చదివినప్పటి నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. కలిమా చదువుతానన్నా వద్దన్నారంటే అక్కడ అడ్డుపడింది దీన్ కాదు. ఇజ్జత్ అనుకునే మరేదో. అందులో కులం కూడా కలిసి ఉందేమోనని నాకు అనుమానం. కులం లేదని మింబర్ మీద చెప్పుకునే సమాజం మనది. ఇష్టపడి పెళ్ళి చేసుకునే హక్కు ఆ అమ్మాయికి చట్టం ఇచ్చిందనీ, చంపే హక్కు అన్నకు ఎవరూ ఇవ్వలేదనీ, రాజ్యాంగం ప్రకారమూ ఇస్లాం ప్రకారమూ ఇది ఘోరమైన నేరమనీ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ రెండు రోజుల్లోనే బహిరంగసభలో ఖండించారు. మన కాలనీల్లో మాత్రం గొంతు తగ్గించి, 'కానీ ఆ పిల్ల చేసిందీ తప్పే కదా' అన్నవాళ్ళను నేను విన్నాను. ఆ 'కానీ' వినిపించినంతకాలం, సినిమాల్లో పెద్దవాళ్ళను మూర్ఖులుగా చూపిస్తున్నారని ఫిర్యాదు చేసే అర్హత మనకు లేదు.

టీవీవాళ్ళకు కూడా ఈ విషయం తాకాలంటే భయమే. 2020లో అస్సాంలో 'బేగం జాన్' అనే సీరియల్‌లో కష్టంలో ఉన్న హిందూ అమ్మాయికి ముస్లిం యువకుడు సాయపడే కథ నడిచింది. మతభావాలు దెబ్బతింటున్నాయనే ఫిర్యాదులతో గువాహటి పోలీసులు దాని ప్రసారాన్ని రెండు నెలలు ఆపమన్నారు. అదే ఏడాది అక్టోబరులో, హిందూ కోడలికి ముస్లిం అత్తగారింట్లో సీమంతం చేస్తున్నట్టు తీసిన ప్రకటనను తనిష్క్ సంస్థ వెనక్కి తీసుకుంది. అది ఒక నిమిషం కూడా లేని ప్రకటన. ఇలాంటప్పుడు ఎవరు లోతుగా రాస్తారు?

అమెరికాలోనూ తొలి అనుభవం ఇలాంటిదే. 1972లో సీబీఎస్ 'బ్రిడ్జెట్ లవ్స్ బర్నీ' అనే కామెడీ మొదలుపెట్టింది. క్యాథలిక్ టీచరమ్మ, యూదు టాక్సీ డ్రైవరు, వాళ్ళ పెళ్ళి. ఆ ఏడాది ఎక్కువమంది చూసిన కార్యక్రమాల్లో అయిదో స్థానంలో ఉంది. అయినా యూదు మతపెద్దల నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తి, ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. (ఆ ఇద్దరు నటులు తర్వాత నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. అది వేరే సంగతి.)

యాభై ఏళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో, నెట్‌ఫ్లిక్స్‌లో 'నోబడీ వాంట్స్ దిస్' వచ్చింది. నోవా యూదుల మతగురువు, రబ్బీ. జోఆన్‌కు ఏ మతమూ పట్టదు. ఇక్కడ మొదటిసారిగా ఆ అమ్మాయి అడిగిన దాని దగ్గరికి వచ్చాం. అడ్డు తల్లి మాత్రమే కాదు, నోవా గుండెలోనే ఉంది. అతనికి తన దీన్ అంటే ఉద్యోగం కాదు, ఇష్టం. ఆమె మారకపోతే పెద్ద రబ్బీ పదవి రాదు. ఆమెకేమో నమ్మకం లేకుండా మారడం నచ్చదు. మొదటి సీజన్ చివర్లో ఆమే విడిపోదామంటుంది. అతనికి తాను కోరుకున్నది దక్కకుండా చేయలేనంటుంది. అతను వెనకే పరుగెత్తి వస్తాడు. ముద్దుతో సీజన్ ముగిసింది. మళ్ళీ ప్రేమే గెలిచింది, దీన్ ఏమైందో తర్వాత చూద్దామన్నారు. యూదు స్త్రీలను గయ్యాళుల్లా చూపించారని వాళ్ళలో చాలామంది బాధపడ్డారు కూడా. ఆ బాధ మనకు అర్థం కానిదేం కాదు. అయినా నాకు నచ్చినది జోఆన్ మాట: లోపల లేనిది ఉన్నట్టు చెప్పను. ఈ సిరీస్ రాసిన ఎరిన్ ఫాస్టర్ తన జీవితంలో మాత్రం చదివి, నేర్చుకుని యూదు మతంలోకి మారిన తర్వాతే పెళ్ళాడింది.

ముస్లిముల మీద వచ్చినవాటిలో 2019 నాటి 'రామీ' ఉంది. ఇంట్లో అందరూ కలిసి చూసేది కాదు, పెద్దల సిరీస్, ముందే చెబుతున్నాను. న్యూజెర్సీలోని ఈజిప్టు కుటుంబం కుర్రాడు. మొదటి భాగంలోనే మసీదులో వుజూ చేస్తుంటే, కాలివేళ్ళ సందుల్లో సరిగ్గా కడగలేదని ఒక ముసలాయన కోప్పడతాడు. అది చూసి నేను గట్టిగా నవ్వాను. ఆ ముసలాయన ప్రతి మసీదులోనూ ఉన్నాడు. ఆ రామీకి ఒక యూదు అమ్మాయితో స్నేహం. అతను నిజంగానే దేవుణ్ని నమ్ముతాడని తెలిసి ఆమె తెల్లబోతుంది. తనకు యూదుమతం ఎలాగో అతనికి ఇస్లాం కూడా అలాగే పేరుకు మాత్రమే అనుకుంది మరి. తప్పులమీద తప్పులు చేసే కుర్రాడే అయినా వాడి నమ్మకం వాడిదే, తండ్రి వేసిన గొలుసు కాదు.

తెరమీద ఇంతవరకే దొరికింది. ఆ అమ్మాయి అడిగిన కథ నాకు దొరికింది సీరత్ పుస్తకాల్లో. మనకు తెలిసిన కథే. ఈ కోణంలో మనం చెప్పుకోలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) పెద్ద కూతురు హజ్రత్ జైనబ్ (రజి). ఆమె భర్త అబుల్ ఆస్, హజ్రత్ ఖదీజా (రజి) చెల్లెలు హాలా కొడుకు. ప్రవక్త పదవి రాకముందే పెళ్ళయింది. తర్వాత జైనబ్ విశ్వసించింది, అబుల్ ఆస్ విశ్వసించలేదు. ఆమెను వదిలెయ్, ఖురైషుల్లో నువ్వు కోరిన పిల్లను ఇస్తామని మక్కా పెద్దలు అతణ్ని ఒత్తిడి చేశారు. వదలనన్నాడు. అతను ఆమె నమ్మకాన్ని ఆపలేదు, ఆమె అతణ్ని బలవంతపెట్టలేదు. ఇద్దరి మధ్య ప్రేమ ఉంది. ఇద్దరి మధ్య దీన్ లేదు.

బద్ర్ యుద్ధంలో అతను మక్కా పక్షాన వచ్చి బందీ అయ్యాడు. విడిపించుకోవడానికి జైనబ్ ఒక హారం పంపింది. అది పెళ్ళినాడు తల్లి ఖదీజా ఆమె మెడలో వేసినది. దాన్ని చూడగానే ప్రవక్త (స) మనసు కరిగిపోయింది. మీకు సమ్మతమైతే ఆమె బందీని వదిలి, హారం తిరిగి ఇచ్చేయండని సహచరులను అడిగారు. ఆజ్ఞాపించలేదు, అడిగారు. జైనబ్‌ను మదీనాకు పంపాలన్న షరతుతో అబుల్ ఆస్‌ను వదిలారు. అతను మాట నిలబెట్టుకున్నాడు. ప్రేమించిన భార్యను తానే పంపించేశాడు.

కొన్నేళ్ళ తర్వాత సిరియా నుంచి సరుకుతో తిరిగొస్తుండగా అతని బిడారు ముస్లిముల చేతికి చిక్కింది. అతను తప్పించుకుని రాత్రివేళ మదీనాలో జైనబ్ ఇంటికే వచ్చి శరణు కోరాడు. ఫజ్ర్ నమాజు వేళ ఆమె ఆడవాళ్ళ వరుసలోంచి గొంతెత్తి, అబుల్ ఆస్‌కు నేను శరణు ఇచ్చానని ప్రకటించింది. ప్రవక్త (స) ఆ శరణును నిలబెట్టారు. అతిథిగా గౌరవించు, భర్తగా అతను నీకు ధర్మసమ్మతం కాడు అని కూతురికి చెప్పారు. తండ్రి ఒకే నోటితో రెండు మాటలూ అన్నారు. మనలో ఎవరమైనా అలా అనగలమా? మనకు మొదటిది అంటే రెండోది నోట రాదు. రెండోది అంటే మొదటిది మరిచిపోతాం.

సరుకంతా తిరిగి ఇచ్చారు. అక్కడే కలిమా చదివి ఉంటే అబుల్ ఆస్‌కు సొమ్మూ దక్కేది, భార్యా దక్కేది. అతను చదవలేదు. మక్కాకు వెళ్ళి ఎవరి సరుకు వాళ్ళకు లెక్కప్రకారం అప్పజెప్పి, ఇంకా ఎవరికైనా బాకీ ఉన్నానా అని అడిగి, అప్పుడు అందరి ముందూ ఇస్లాం ప్రకటించాడు. మదీనాలోనే చెబితే మీ సొమ్ము కాజేయడానికి అన్నాననుకుంటారని ఆగానన్నాడు. తర్వాత మదీనా వచ్చాడు. జైనబ్ మళ్ళీ అతని భార్య అయింది.

ఆ అమ్మాయి అడిగిన కథ ఇదే. ఆగినది తానే, నిలబడినది తానే. ఆ ఇద్దరిలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. అతను మారింది ఆమె కోసం కాదు. ఆమె కోసం కాదని తేలేదాకా ఆగాడు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, పాఠంలో వచ్చింది కూడా. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) తనను కోరి వచ్చిన అబూ తల్హాతో నువ్వు ఇస్లాం స్వీకరిస్తే అదే నాకు మహర్ అంది కదా, అంటే పెళ్ళి కోసం మారవచ్చనే కదా? నిజమే, ఆమె అలాగే అంది. కానీ ఆ అబూ తల్హా ఎవరు? తనకు అన్నిటికంటే ఇష్టమైన బైరుహా తోటను అల్లాహ్ మార్గంలో ఇచ్చేసిన మనిషి. ప్రతి రంజాన్‌లో సదఖా గురించి చెప్పేటప్పుడు మనం తలచుకునేది ఆయన్నే. తలుపు పెళ్ళి కావచ్చు, ఆయన లోపలికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. మన దగ్గరికి వచ్చే కొందరు కుర్రాళ్ళకు కావలసింది ఖాజీగారి కాగితం. గురువారం కలిమా, శుక్రవారం నికాహ్, శనివారం మళ్ళీ పాత జీవితం. సహీహ్ బుఖారీలో మొట్టమొదటి హదీసు ఉద్దేశాల గురించినదే. ఒక స్త్రీని పెళ్ళాడడానికి హిజ్రత్ చేసినవాడికి దక్కేది ఆ పెళ్ళేనని అందులో ఉంది. నేనైతే అలాంటి కుర్రాడికి టీ ఇచ్చి, ఒక ఏడాది చదువుకో, తర్వాత రా అంటాను. తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు మాత్రం గట్టివాళ్ళు.

ధర్మం చెప్పేదాన్ని దాచిపెట్టను. అల్ బఖరా 221వ ఆయతు బహుదైవారాధకులతో పెళ్ళిని స్త్రీపురుషులిద్దరికీ వద్దంటుంది. గ్రంథ ప్రజల్లోని శీలవతులను పెళ్ళాడడానికి పురుషునికి అల్ మాయిదా 5వ ఆయతు అనుమతిస్తుంది. ఈ అనుమతిని మన మగపిల్లలు ఎంత ఉత్సాహంగా గుర్తుపెట్టుకుంటారో, దాని వెంట వచ్చే బాధ్యతను అంత త్వరగా మరిచిపోతారు. ధర్మంలో బలవంతం లేదని అదే అల్ బఖరా 256వ ఆయతు. దేశ చట్టం చూస్తే, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఎవరూ మతం మారకుండానే, 30 రోజుల నోటీసు మీద పెళ్ళి చేసుకోవచ్చు. మన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ దారిలో వెళితే మనం బాధపడవచ్చు, హితవు చెప్పవచ్చు, దుఆ చేయవచ్చు. అంతకు మించి చెయ్యి ఎత్తే అధికారం ఎవరికీ లేదు. ఫోన్ లాక్కునే అధికారమూ, గదిలో పెట్టి తాళం వేసే అధికారమూ లేవు. తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా పెళ్ళి చేశాడని ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) వచ్చి చెబితే ప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ప్రేమ పెళ్ళికి భయపడి తొందర తొందరగా బలవంతపు పెళ్ళి చేసే తండ్రులు ఆ హదీసు దగ్గర ఒకసారి ఆగాలి.

కామెడీలు పెళ్ళి దగ్గర ఆగిపోతాయి కాబట్టి పిల్లల సంగతి రాదు. మన ఊరి చరిత్రలో ఉంది. కోఠీలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఆంగ్లేయుల రెసిడెంటు. ఖైరున్నిసా బేగం కోసం ఇస్లాం స్వీకరించి నికాహ్ చేసుకున్నాడు. ఇద్దరు బిడ్డలు. 1805లో, పాలబుగ్గల వయసులో, తండ్రి వాళ్ళను ఇంగ్లాండు పంపించాడు. అదే ఏడాది అతను కలకత్తాలో చనిపోయాడు. అక్కడ ఆ పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, క్యాథరిన్ అని పేర్లు పెట్టారు. తల్లి 1813లో కన్నుమూసింది. బిడ్డలను మళ్ళీ చూడలేదు. ప్రేమ నిజమే, ఎవరూ కాదనలేరు. పిల్లలు ఎవరి కలిమాతో పెరుగుతారన్నది మాత్రం ఆ ఇద్దరి చేతుల్లో మిగల్లేదు.

ఇక దాతలకు ఒక మాట. మన సొసైటీ పేదపిల్లల పెళ్ళిళ్ళకు సాయం చేస్తుంది, ఫీజులు కడుతుంది, అల్హమ్దులిల్లాహ్. కానీ పాతికేళ్ళ అమ్మాయి తనకు ఆఫీసులో ఒకరు నచ్చారని చెప్పుకోవడానికి, తిట్టకుండా వినే ఒక ఆలిమానో, ఒక పెద్దమ్మనో మనం ఏర్పాటు చేయలేదు. ఆమె చెప్పుకునేది చివరకు ఫోన్‌కే, చూసేది సిరీస్‌నే. వచ్చే ఏడాది నెలకు ఒక ఆదివారం సాయంత్రం దీనికి కేటాయించాలని కమిటీకి రాశాను. ఖర్చు పెద్దగా లేదు, ఒక గది, కొంచెం టీ. ఆడపిల్లలకు ఆడవాళ్ళే కూర్చోవాలి. విన్నది బయటకు పొక్కకూడదు.

జైనబ్ (రజి) కథ పాఠంలో చెప్పిన రోజు ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తింది.

"చాచా, ఆమె అన్నేళ్ళూ ఎదురుచూస్తూ ఉందా?"

"పుస్తకాల్లో ఎదురుచూసిందని రాయలేదమ్మా. అతను తలుపు తట్టినప్పుడు తీసిందని ఉంది."

ఆమె నోట్సు పుస్తకంలో ఏదో రాసుకుంది. నేను అడగలేదు.